ఎడమకు ఉరికిన గుర్రాలు

సూరత్‌ల మీరు ఏ ఇంటికన్న పోండ్రి, ఏ దుకాణానికన్న పోండ్రి, గోడ మీద ఏడు గుర్రాలు ఉరుకుతనే ఉంటయ్. తెల్లటియి. కాళ్ల కింద నీళ్లు చిమ్ముతుంటయ్, ఎనక సూర్యుడు ఉంటడు. పండ్ల డాక్టర్ తాన ఉన్నయ్, సోఫాల దుకాణంల ఉన్నయ్, మేము బమ్రోలిల ఉండే గల్లీ మొగదాల కటింగ్ షాపుల సుత ఉన్నయ్. ఆడనైతే ఎంటికలు ఎగిరెగిరి పడి ఆఖరు గుర్రం సగం నల్లగయింది. చిన్నప్పటి సంది చూస్తనే ఉన్న గని, ఒక్కనాడు గూడ ఆగి చూడలే. గడియారమన్న టైం కోసం చూస్తం. గుర్రాలను దేనికి చూస్తం?

ఆగి చూసే పని నాకు ఎండకాలంల పడ్డది. ఎందుకంటే నాకొక కుర్సీ దొరుకుతదా దొరకదా అన్నది ఆ ఏడు గుర్రాల మీదికొచ్చింది.

ముందుగాల మా సంగతి చెప్త. ఇంట్ల ముగ్గురమే, బాపు, అమ్మ, నేను. బాపు కరెంటు మగ్గం నడుపుతడు, మా దిక్కు దాన్ని సాంచ అంటం. మామూలు సాంచ గాదు, బట్టల పూలు, మామిడి పిందెలు దానికదే నేసుకుంట పొయ్యే జకార్డ్ సాంచ. నేను, అమ్మ ఇంట్ల కూసోని చీరెల ఎనక దిక్కు దారాలు కత్తిరిస్తుంటిమి. చీర మీద పువ్వుంటే, ఆ పువ్వు ఎనక దారాలు ఏలాడుతయ్ గదా, గవి. గుజరాతీలు దాగా కటింగ్ అంటరు. నేను ఎనిమిది దాంక తెలుగు బడిల చదివిన, గా తర్వాత నాలుగేండ్లు గీ దాగాలే. ఎవరన్న మంచి చీర కట్టుకొని వస్తుంటే నాకు ముందట దిక్కు కనపడది, ఎనక దిక్కు ఎట్లుంటదో కండ్లకు కడ్తది. గంత చూసిన.

ఒక పెండ్లిల నేను ఆడోళ్లకు మెహందీ పెడ్తుంటే ఒక బెన్ చూసింది. ఈడ ఆడోళ్లనందరిని బెన్ అనే పిలుస్తరు, అక్కా అన్నట్టు. ఆమె బట్టల డిజైన్లు కంప్యూటర్ల గీసే ఆఫీసుల పని చేస్తది. "నీ చెయ్యి వణకదు, వస్తవా?" అన్నది. పోయిన. ఆ ఆఫీసు శేఠ్ నన్ను కిందికెళ్లి మీదిదాంక చూసి, "పదిహేను రోజులు చూస్త. ఒక్క డిజైన్ ఇస్త. అది సక్కగ చేస్తే కుర్సీ నీది. లేకుంటే ఇంటికే" అన్నడు.

కంప్యూటర్ల డిజైన్ అంటే గళ్లు. ఒక్కో గడి ఒక్కో దారం. నేను చూసి నవ్విన, ముగ్గు లెక్కనే ఉన్నది, చుక్కలు వెట్టి గీతలు కలుపుడే గదా అనుకున్న. వారం రోజులల్ల బెన్ అన్నీ చూపెట్టింది. ఆ తర్వాత ఆమె తమ్ముని పెండ్లి ఉన్నదని ఊరికి పోయింది. బెన్ పోయిన మర్నాడే శేఠ్ నాకు డిజైన్ ఇచ్చిండు. ఏడు గుర్రాలు.

కామ్‌రేజ్‌ల ఒకాయన కొత్త ఫ్లాట్ తీసుకున్నడట. హాల్ల గోడకు ఏడు గుర్రాలు కావాలె గని, దుకాణంల దొరికే ఫోటో వద్దు, ఎవ్వరింట్ల లేనట్టు గుడ్డ మీద నేసి కావాలె. శేఠ్ ఆ గోడ ఫోటో ఫోన్ల చూపెట్టిండు. గోడకు ఎదురుంగ నిలవడితే తలుపు ఎడమ దిక్కున్నది.

"గుర్రాలు తలుపుకెళ్లి లోపలికి రావాలె. ఎడమకెళ్లి కుడికి. అటుదిటు అయితే ఆయన తీసుకోడు. మన పేరు పోతది" అన్నడు.

"తీసుకోకుంటే ఏమైతది శేఠ్, బొమ్మనే గదా?"

"అరే బెన్, బయటికి ఉరికితే ఇంట్లకెళ్లి లక్ష్మి గూడ వాటెంబడి ఉరుకుతది. కళ్లెం ఉండొద్దు, మీద మనిషి ఉండొద్దు, ఒక్కటన్న మొకం మాడ్చుకొని ఉండొద్దు. రాసుకో."

రాసుకున్న. రాసుకుంటుంటే నవ్వొచ్చింది గని నవ్వలే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, "ఏడు గుర్రాలు సూర్యునియే గదనే. రథసప్తమికి నేను రథం ముగ్గేస్త, చూడలే?" అన్నది.

నిజమే. మా అమ్మ ఏటేటా గడప ముందట రథం ఏస్తది. చక్రాలుంటయ్, పైన గోపురం ఉంటది, గుంజెతందుకు తాడు గూడ ఉంటది.

"మరి గుర్రాలేవే అమ్మా? నీ రథానికి ఒక్కటి సుత లేకపాయె."

"గుర్రాలు ఎవలకొస్తయే ఎయ్య? తాడు ఏస్త. ఆ తాడు అవతల ఉన్నయనుకోవాలె."

గట్ల, ఏడు గుర్రాలు ఎయ్యాల్సిన మొదటి మనిషిని మా ఇంట్ల నేనే అయిన.

ఒక్క గుర్రమన్న దగ్గర చూడాలెనని మా గల్లీ అవతల ఖాళీ జాగల పెండ్లి గుర్రాలు కట్టేసే కాడికి పోయిన. సూరత్‌ల పెండ్లికొడుకు గుర్రం మీదనే వస్తడు కాబట్టి అవి ఎప్పుడు ఉంటయ్. ఒక తెల్లది గడ్డి తింటున్నది. కండ్లకు పక్కల తోలు రేకులు, నెత్తికి ఎర్ర కుచ్చు, పండ్ల నడుమ కళ్లెం. శేఠ్ ఏవేవి వద్దన్నడో అవన్నీ దీనికున్నయ్. డొక్కలు లెక్కపెట్టొచ్చు.

దాన్ని చూసుకునే తాతను అడిగిన. "తాతా, జర ఒక్కసారి ఉరికిస్తవా? చూస్త."

ఆయన హిందీల నవ్విండు. "దీన్ని ఉరికిస్తే పెండ్లికొడుకు ఏడుంటడు బేటీ? బాజాలు చెవుల మోగినా, పటాకులు కాళ్ల కింద పేలినా ఉరుకకుండ నిలవడాలె. అదే దీని చదువు. ఎనిమిదేండ్లాయె, ఇది ఉరికింది నేనే చూడలే."

గుర్రం నా దిక్కు చూసింది. నేను గూడ దాని దిక్కు చూసిన. గోడ మీది గుర్రానికి, దీనికి ఏం సంబంధం లేదు. గోడ మీదిది ఎవ్వరిని మొయ్యదు, ఏం తినదు, అలసిపోదు. దీన్ని ఎవ్వరు హాల్ల పెట్టుకోరు. దీని చెవుల తీరు, మూతి తీరు మాత్రం కాయితం మీద గీసుకొని వచ్చిన.

ఉరికేటివి ఫోన్ల చూసిన. పందెం గుర్రాల వీడియోలు దొరికినయ్. మెల్లగ తిప్పి చూస్తే నాకు పరేషాన్ అయింది. బొమ్మలల్ల గుర్రం ఎట్లుంటది? ముందటి కాళ్లు ముందటికి, ఎనక కాళ్లు ఎనకకు, నడుమ పొట్ట గాలిల, ఈత కొడ్తున్నట్టు. నిజం గుర్రం గట్ల ఉరకనే ఉరకది. నాలుగు కాళ్లు భూమిని ఇడిసినప్పుడు అవి పొట్ట కిందికి ముడుచుకొని ఉంటయ్, మూట గట్టినట్టు. ఆపి ఆపి ఇరవై సార్లు చూసిన. ఇన్ని గోడల మీద ఇన్ని గుర్రాలు, అన్నీ అబద్ధం ఉరుకుతున్నయ్.

నిజమే గీస్తనని గీసిన. మూడు రోజులు కూసున్న. పందెం గదా అని ఒకదాన్ని జర ముందటికి గూడ పెట్టిన, మెడ చాపుకొని పోతున్నట్టు.

శేఠ్ చాయ్ తాగుకుంట చూసిండు. "ఇవి ఉరుకుతున్నయా, పడుతున్నయా?"

"నిజంగ ఉరికేటప్పుడు గట్లనే ఉంటయ్ శేఠ్. వీడియో చూపెడ్త."

"చూపెట్టకు. కామ్‌రేజ్ ఆయన వీడియో చూడడు, గోడ చూస్తడు. కాళ్లు చాపు. ఇగ గీ ముందటిదేంది?"

"పందెంల ఒకటి ముందటుంటది గదా?"

"ఒకటి ముందటుంటే ఆరు ఓడిపోయినట్టు. ఓడిపోయిన ఆరింటిని ఇంట్ల ఎవడు పెట్టుకుంటడు?"

ఈ మాట నాకు ఇప్పటికి గుర్తున్నది. అన్ని గుర్రాలు ఉరకాలె, ఎవ్వరు గెలువద్దు, ఎవ్వరు ఓడద్దు. కాళ్లు చాపిన. మూతులన్నీ ఒక్క వరుసకు తెచ్చిన. ఇరవై నాలుగు గిట్టలు గాలిల, నాలుగు నీళ్లల్ల. శేఠ్ దూరం నిలవడి చూసి తలకాయ ఊపిండు. "ఇగ ఉరుకుతున్నయ్" అన్నడు. నా స్క్రీన్ మీద అవి ఎడమకెళ్లి కుడికే ఉరుకుతున్నయ్. అది నేను పదిసార్లు చూసుకున్న.

సాంపిల్ నేసేది మా బాపు సాంచ మీద. ఆ షెడ్డుల నలభై సాంచలున్నయ్ గని, సాంపిళ్లకు ఒక్కటే. దారం తెగితే చప్పుడుతోనే గుర్తు పడ్తడని బాపుకిచ్చిండ్రు. దానికి కిటికీ వెలుతురు ఉంటది, పగటి డ్యూటీనే ఉంటది. బాపుకు మాట మీద మోజు లేదు గని ఆ సాంచంటే మస్తు మోజు. నా ఫైల్ దాని మీదికి పోతదని తెలిసిననాడు పక్క సాంచోళ్లందరికి సైగలు చేసి చెప్పిండట. షెడ్డుల మాటలు ఇనపడవు, అందరు చేతులతోనే మాట్లాడుకుంటరు. మా బిడ్డ అని ఇట్ల గుండె మీద చెయ్యి వెట్టి, గుర్రాలు అని రెండు వేళ్లు గుర్రం లెక్క ఉరికిచ్చిండట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

నేత మొదలువెట్టిన రోజు మధ్యాహ్నం బాపు ఫోన్ చేసిండు. బయట నిలవడి గూడ అరుస్తనే ఉన్నడు, షెడ్డుల పనిచేసేటోళ్లు మెల్లగ మాట్లాడుడు మర్చిపోతరు.

"బిడ్డా, నీ గుర్రాలు ఎటు పోవాలె?"

"కుడికి బాపు."

"ఎడమకు పోతున్నయే!"

"సక్కగ చూసినవా?"

"ఇరవై రెండేండ్ల సంది నేస్తున్న, ఎడమ కుడి తెల్వదా? జల్ది రా. మూరెడే అయింది. బంద్ చేసి పెట్టిన. శేఠ్‌కు తెల్వకముందే తిప్పుకో."

శేఠ్ ఆనాడు పక్కన సచిన్ అనే ఊరికి పోయిండు. నేను నడుచుడు గాదు, ఉరుకుడే. సాంచ కాడికి పోయి బట్ట మీదికి ఒంగి చూసిన. నిజమే! గిట్టలు, నీళ్లు, పొట్టలు అప్పుడే ఎక్కుతున్నయ్, అన్నీ ఎడమ దిక్కే పోతున్నయ్. బాపు నా మొకం చూసి అరచెయ్యి ఇట్లనుంచి అట్ల తిప్పిండు, తిప్పు అని. నేను ఆఫీసుకు వాపస్ ఉరికి, ఒక్క బటన్ కొట్టి గుర్రాలను తిప్పి, పెన్ డ్రైవ్ తెచ్చి ఇచ్చిన. సాంచ మళ్ల మొదటికెళ్లి నడిచింది. ఇద్దరం నిలవడి చూసినం. ఇప్పుడు కుడికి పోతున్నయ్. బాపు తువ్వాలతో మొకం తుడుచుకొని బొటనవేలు చూపెట్టిండు. నేను గూడ చూపెట్టిన.

మేమిద్దరం మర్చిపోయింది ఏందో చెప్త. జకార్డ్ సాంచ మీద బట్ట బోర్ల పండుకొని నేస్తది. మంచి దిక్కు కిందికి, నేల దిక్కు ఉంటది. నేసెటోనికి పైన కనపడేది ఎనక దిక్కు. ఎనక దిక్కు చూస్తే ఎడమది కుడి, కుడిది ఎడమ అయితది గదా. అందుకే మొదలు ఎడమకు పోయినట్టు కనపడ్డయ్. అవి సక్కగనే పోతుండె. మేమే తిప్పి ఖరాబు చేసినం.

ఇది మా బాపుకు తెల్వదా అంటే తెలుసు. దారం తెగితే కిందికి చేతి అద్దం పెట్టి మంచి దిక్కు చూసుకునేది ఆయననే. అయితే ఇరవై రెండేండ్లు ఏం నేసిండు? పూలు. ఆకులు. మామిడి పిందెలు, అవి గూడ అటొకటి ఇటొకటి. పువ్వుకు దిక్కేడిది? ఎటుకెళ్లి చూసినా పువ్వు పువ్వే. ఒక దిక్కు పొయ్యేది ఆయన చేతుల ఎన్నడు నెయ్యలే. నాలుగేండ్లు చీరెల ఎనక దిక్కు చూసిన నాకన్న యాదికి రావాలె. నాకు రాలే. బెన్ ఉంటే చెప్పనే చెప్తుండె.

రెండు రోజులకు బట్ట కోసి ఆఫీసుకు తెచ్చిండ్రు. శేఠ్ టేబుల్ మీద పరిచి మంచి దిక్కు పైకి తిప్పిండు. తెల్ల గుర్రాలు, నీలం ఆకాశం, మస్తున్నయ్. ఏడుకేడు ఎడమకు ఉరుకుతున్నయ్, తలుపు దిక్కు, బయటికి.

శేఠ్ ఏం అరవలే. అరిస్తే బాగుండు. ఫోన్ల గోడ ఫోటో తీసి బట్ట పక్కన పెట్టి చూసిండు. "నేను చూసినప్పుడు ఫైల్ సక్కగుండె. ఎవరు తిప్పిండ్రు?"

"నేనే."

"ఎందుకు?"

"సాంచ మీద చూసిన. ఎడమకు కనపడ్డయ్."

"సాంచ మీద ఉల్టా కనపడ్తదని తెల్వదా?" ఆయన బట్టను ఒక కొస పట్టి మడిచి ఎనక దిక్కు చూపెట్టిండు, చిన్న పిల్లకు చూపెట్టినట్టు. మళ్ల మెల్లగ అడిగిండు. "నీ అంతట నువ్వు సాంచ కాడికెందుకు పోతవ్? సాంచ ఆయన చెప్పిండా?"

సాంచ ఆయన మా బాపు అని ఆయనకు ఎరుకనే. అవునంటే ఏమైతదో గూడ నాకెరుకనే. ఎనక దిక్కు, మంచి దిక్కు తెల్వనోనికి సాంపిల్ సాంచ ఎందుకని నలభైట్ల ఏదో ఒకదాని మీదికి పంపుతడు. కిటికీ పోతది, పగటి డ్యూటీ పోతది. అదిగాక, షెడ్డంత నవ్వుతది. వాళ్లు చేతులతో నవ్వుతరు, ఇంక ఘోరం.

"లేదు శేఠ్. నాకే చూద్దామనిపించింది, పోయిన. నేనే తిప్పిన. ఆయన నేసుడే నేసిండు."

శేఠ్ నమ్మలేదని నాకు తెలుస్తనే ఉన్నది. నమ్మకున్నా ఇంకేం అడగలే. "పాత ఫైల్ ఉన్నదా?"

"ఉన్నది."

"అదే మళ్ల ఎక్కియ్యి. ఈసారి సాంచ కాడికి పోకు." చాయ్ గిలాస పట్టుకొని అటు తిరిగిండు. "కుర్సీ సంగతి ఇప్పుడు లేదు. బెన్ వచ్చినంక ఆమె పక్కకు స్టూల్ ఏసుకొని కూసో. ఆమె గీసిన గళ్లు సాపు చెయ్యి. దీపావళి దాంక చూద్దాం."

ఇంటికే అనలే. కుర్సీ అని గూడ అనలే. నేను ఈ మధ్యలది ఒకటుంటదని అనుకోలే.

"గిది?" అని బట్ట చూపెట్టిన.

"తీస్కపో. నేల తుడిచే పోచ చేసుకో."

సంకల పెట్టుకొని ఇంటికి తెచ్చిన. అమ్మ ఇప్పి పరిచి, "ఇంత మంచిగుంటే పోచ చేస్తరా!" అని, అప్పటికప్పుడు మేకులు కొట్టి గోడకు తగిలిచ్చింది. మాకున్నది ఒక్క గది, అందుల ఖాళీ గోడ ఒక్కటే. దానికి గూడ ఎడమ దిక్కే తలుపు.

అమ్మ ఎనకకు జరిగి చూసింది. "అగో! ఇవి బయటికి పోతున్నయ్ గదనే!"

"అందుకేనమ్మా ఇచ్చింది."

"ఇంట్లున్నదే గింత. అది గూడ వీటెంబడి తోలుతరానే? తండ్రి బిడ్డ కలిసి ఏడు గుర్రాలను ఒక్క తీరుగ తోలుకపోలేకపోతిరి! నేను రథం ఎన్నిసార్లు ఎయ్యలే, ఒక్కసారన్న ఉల్టా పోయిందా?"

"నీ రథానికి గుర్రాలుంటే గదనే ఉల్టా పోతందుకు!"

"అందుకే ఎయ్యలే మరి" అన్నది అమ్మ. నేను నవ్విన. ఆమె నవ్వలే, నిజంగనే అన్నది.

బాపు డ్యూటీ దిగి వచ్చిండు. శేఠ్ తాన ఏమైందో నేను చెప్పలే, ఆయన అడగలే. గని ఆయనకు తెలిసింది, ఎట్లంటే సాంచ ఇంక ఆయన చేతులనే ఉన్నది, పాత ఫైల్ మళ్ల ఆయన తానికే వచ్చింది. చేతులు కడుక్కొని వచ్చి గోడ ముందట నిలవడ్డడు. చానాసేపు చూసిండు. ఎవ్వరింటికో వచ్చి, ఆళ్ల గోడ చూసినట్టు చూసిండు.

"నేను నేసింది ఇది కాదు" అన్నడు.

"ఇదే బాపు."

"కాదు." కుర్సీ ఏసుకొని ఎక్కి, మేకులకెళ్లి బట్ట తీసిండు. తిప్పిండు. ఎనక దిక్కు ముందటికి వచ్చేటట్టు మళ్ల తగిలిచ్చి దిగిండు.

ఎనక దిక్కు రంగులు గూడ తిరగబడ్తయ్. ఆకాశం తెల్లగయింది, గుర్రాలు నీలమయినయ్. దారాలు మీదికి తేలి ఏలాడుతున్నయ్. ఏడు గుర్రాలు తలుపుకెళ్లి లోపలికి, గ్యాస్ పొయ్యి దిక్కు ఉరుకుతున్నయ్.

"గివే. రెండు రోజులు నేను చూసింది గివే" అన్నడు బాపు. మళ్ల మా దిక్కు చూడకుంటనే, "నా పేరు చెప్పకపోతివేందే?" అన్నడు.

"ఏం పేరు? బటన్ కొట్టింది నేనే గదా."

ఆయన తువ్వాల దండెం మీద ఏసిండు.

అమ్మ అప్పటికే కత్తెర తెచ్చింది. మా కత్తెరకు రింగులుండయ్, చేతుల ఇమిడిపోయేది, నాలుగేండ్ల సంది ఇద్దరం అదే పట్టుకున్నం. ఎనక దిక్కు దారాలు కనపడితే ఆమె చెయ్యి ఆగది. కుర్సీ ఎక్కి మొదటి గుర్రం పొట్ట కింద కత్తిరిచ్చుడు షురూ చేసింది, కాళ్ల నడుమ, నీళ్ల మీద, చకచక. మెడ మీదికి పొయ్యేసరికి బాపు అరిచిండు, షెడ్డుల అరిచినట్టే.

"ఆగు! జూలు తాన ఉండనియ్. తోకలకు సుత."

అమ్మ ఆగింది. కత్తెర గాలిల పట్టుకొని జర ఎనకకు ఒంగి చూసింది. ఫ్యాన్ గాలికి ఏడు మెడల మీది దారాలు లేస్తున్నయ్, పడ్తున్నయ్. "మంచిది" అని, మెడ ఇడిసిపెట్టి, కింది కాళ్లకు పోయింది.

నేను స్టూల్ ఏసుకొని ఆఖరు గుర్రం కాడికెళ్లి మొదలువెట్టిన.